పాత ల్యాప్‌టాప్‌ను, దానికి తోడున్న పరికరాలను బాగుచేసుకోవడం ఎలా: విశాఖ గాలిని లెక్కలో పెట్టుకొని

పెదవాల్తేరులో ఉంటున్న మా అక్క ల్యాప్‌టాప్ కిందటి వర్షాకాలంలో ఒకరోజు ఆన్ అయింది గాని తెర వెలగలేదు. పవర్ దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. "మదర్‌బోర్డు పోయిందట్రా, బాగుచేయించే కంటే కొత్తది కొనుక్కోవడమే మేలన్నారు" అని ఫోన్ చేసింది. ఆ సాయంత్రం వెళ్లి అడుగు మూత విప్పి చూశాను. పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచే ర్యామ్ ముక్క అంచున బంగారు రంగులో వరుసగా మెరవవలసిన కాంటాక్టుల్లో నాలుగైదు మసకబారి ఉన్నాయి; ఒకదాని మొదట్లో ఆవగింజంత ఆకుపచ్చని పొర పేరుకుంది. పిల్లలు బడికి తీసుకెళ్లే తెల్ల రబ్బరుతో ఆ అంచును రెండు వైపులా తుడిచి మళ్లీ బిగించగానే తెర వెలిగింది.

పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి నేను చెప్పదలచుకున్నది ఇదే: జబ్బు ఏమిటో తేల్చుకున్న తరువాతే డబ్బు బయటకు తీయాలి, సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో మొదటి అనుమానం ఉప్పు తేమ మీదికే పోవాలి. ఈ కింది పద్ధతి సుమారుగా 2012కూ 2018కీ మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లకు వర్తిస్తుంది. అప్పట్లో చాలావాటికి 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్ ఇచ్చేవారు. వాటి ప్రాసెసర్లు ఇంటి పనికి ఇప్పటికీ పనికొస్తాయి. వాటిని వెనక్కి లాగుతున్నది ఎక్కువగా ఆ హార్డ్‌డిస్కే.

మూత విప్పక ముందు చేయవలసినవి

అన్నిటికంటే ముందు మీ ఫైళ్లను మరొక చోటికి నకలు చేసుకోండి. ఫోటోలు, పత్రాలు గుర్తుంటాయి గాని, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లెక్కల సాఫ్ట్‌వేర్ తాలూకు డేటా ఫోల్డర్, డెస్క్‌టాప్ మీద పడివున్న ఫైళ్లు చాలామంది మరిచిపోతారు. డీటీపీ పని చేసినవారైతే మరొక జాగ్రత్త తీసుకోవాలి. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి, ఆ ఫాంట్లు లేని యంత్రంలో అక్షరాలన్నీ అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. అందువల్ల ఫైళ్లతో పాటు ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్‌ను కూడా దాచుకొని, ముఖ్యమైన పేజీలను పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకోండి. డిస్కుకు విండోస్‌లోని బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోవడం తప్పనిసరి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే యంత్రాన్ని మేల్కొలిపే సాఫ్ట్‌వేర్‌లో, ఏదైనా మార్పు జరిగినప్పుడు యంత్రం ఆ కీలోని 48 అంకెలూ అడగవచ్చు, అవి లేకపోతే డిస్కులోని సమాచారం తిరిగి రాదు.

తరువాత యంత్రాన్ని తెలుసుకోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులోని పెర్ఫార్మెన్స్ పుటలో మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో, ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందో కనిపిస్తుంది. మీరు రోజూ చేసే పని చేస్తూ ఒక పది నిమిషాలు ఆ పుటను గమనించండి. డిస్కు గీత 100 శాతం దగ్గరే అతుక్కుపోయి ప్రాసెసర్ 20, 30 శాతం దగ్గర ఉంటే జబ్బు డిస్కుది. మెమరీ 90 శాతం దాటి, దానితోపాటు డిస్కు కూడా నిండుగా కనిపిస్తే జబ్బు ర్యామ్‌ది. ర్యామ్ చాలక విండోస్ డిస్కును తాత్కాలిక మెమరీగా వాడుకుంటోందన్న మాట. ప్రాసెసర్ ఒక్కటే 100 దగ్గర ఉండి, ఫ్యాను హోరెత్తుతుంటే వేడిని, వైరస్‌ను అనుమానించాలి.

డిస్కు ఆరోగ్యాన్ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చూపిస్తుంది. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే రెండు వరుసలను చూడండి. వీటి రా వాల్యూస్ గడిలో సున్నా కాకుండా మరే సంఖ్య కనిపించినా, అది వారం వారం పెరుగుతున్నా ఆ డిస్కును నమ్మకండి; ఇంకేమీ చేయకముందే నకలు పూర్తి చేయండి. డిస్కులోంచి టకటకమని శబ్దం వస్తుంటే దాన్ని స్కాన్ చేసే ప్రయత్నం కూడా చేయవద్దు, ఎందుకంటే ఆ స్కానే దానికి చివరి దెబ్బ కావచ్చు.

విప్పడం, శుభ్రం చేయడం

ఛార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే దాన్నీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. తెర వెలగని ల్యాప్‌టాప్‌లు కొన్ని ఈ ఒక్క పనితోనే లేస్తాయి. బ్యాటరీ లోపల ఉండే రకమైతే, మూత తెరిచిన వెంటనే చేయవలసిన మొదటి పని దాని కనెక్టరును ఊడదీయడమే.

స్క్రూల విషయంలో తొందరపడవద్దు. ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు భాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే కాగితానికి గుచ్చి పెట్టండి. పొడవు స్క్రూను పొట్టి స్క్రూ ఉండవలసిన చోట బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి కీబోర్డు కింద బోర్డును నొక్కుతుంది. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లలో వాడిన యంత్రాలకు స్క్రూ తలలు తుప్పు పట్టి ఉండడం సాధారణం. అలాంటి దాన్ని బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది. గాడిలోని తుప్పును గుండుసూదితో గీకి, సరిగ్గా పట్టే కొలత స్క్రూడ్రైవర్‌ను నిటారుగా అదిమిపట్టి మెల్లగా తిప్పండి. స్క్రూలన్నీ తీశాక కూడా మూత రాకపోతే, రబ్బరు కాళ్ల కింద ఒకటి రెండు దాగి ఉన్నాయేమో చూడండి.

శుభ్రం చేసేటప్పుడు రబ్బరుతో తుడవదగినది ర్యామ్ అంచు, వైఫై కార్డు అంచు మాత్రమే. గట్టిగా రుద్దితే బంగారు పూత పోతుంది కాబట్టి ఒకే దిశలో, తేలికగా తుడిచి, రబ్బరు పొట్టును మెత్తని బ్రష్షుతో దులపండి. స్లాటు లోపలి భాగానికి, ఇతర కనెక్టర్లకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది ఆరనివ్వాలి. మన దగ్గర గాలిలో తేమ ఉంటుంది గనుక కనీసం అరగంట ఆగి బిగించండి. ఫ్యానును బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా అగ్గిపుల్లతో ఆపి ఉంచండి. గాలికి అది వేగంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, మోటారు తిరిగి విద్యుత్తు పుట్టించి బోర్డుకు పంపే ప్రమాదమూ ఉంది. రెక్కల కంటే ముఖ్యమైనది, గాలి బయటకు పోయే చోట రాగి రేకుల మధ్య పేరుకునే దూదిలాంటి దుమ్ము. పాత నగరం, గాజువాక వైపు ఇళ్లలో ఇది నల్లగా, కొంచెం జిగటగా ఉంటుంది, ఊదితే పోదు. ఫ్యాను విప్పి పట్టకారుతో పొరలా లాగాలి. ప్రాసెసర్ వేడిని దానిపైనున్న లోహపు హీట్‌సింకుకు అందించే థర్మల్ పేస్టు ఏడెనిమిదేళ్లుగా మార్చకపోతే ఎండి సున్నంలా రాలుతుంది. పాతది ఆల్కహాల్‌తో తుడిచేసి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టి హీట్‌సింకును బిగించండి.

ఇంతవరకు ఖర్చు వందల్లోనే ఉంటుంది. ఇక్కడ ఆగి, యంత్రాన్ని ఒక రోజు వాడి చూడండి. వేడికి తానే వేగం తగ్గించుకుంటున్న ల్యాప్‌టాప్ అయితే ఈ శుభ్రంతోనే ప్రాణం లేచి వస్తుంది.

హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ

ఒకే ఒక్క భాగానికి డబ్బు పెట్టగలిగితే ఎస్ఎస్‌డీకే పెట్టండి; ఇది తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే డిస్కు. పాత హార్డ్‌డిస్క్ పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను అక్కడొకటి ఇక్కడొకటి వెతకవలసి వచ్చినప్పుడు అదే డిస్కు ఒకటి రెండు ఎంబీలకు పడిపోతుంది. సాటా (డిస్కును బోర్డుకు కలిపే మామూలు పద్ధతి) ఎస్ఎస్‌డీ వరుసగా చదివితే 500 ఎంబీ పైన ఇవ్వడం ఒక ఎత్తు, ఆ చిన్న ఫైళ్ల కోసం హార్డ్‌డిస్క్‌లా చదివే ముల్లును అటూ ఇటూ జరపవలసిన అవసరమే లేకపోవడం మరొక ఎత్తు. ల్యాప్‌టాప్‌లో పాత సాటా రెండో తరం పోర్టు ఉండి వేగం సగానికి పరిమితమైనా ఈ రెండో లాభం దాదాపుగా అలాగే ఉంటుంది. అందుచేత, "మీ యంత్రం పాతది, ఎస్ఎస్‌డీ దండగ" అని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు.

కొనేముందు రకం చూసుకోండి. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది. దాని మందం 7 మిల్లీమీటర్లు. మీ పాత డిస్కు 9.5 మిల్లీమీటర్లదైతే కొత్తది వదులుగా ఉంటుంది కాబట్టి, కొన్ని ఎస్ఎస్‌డీలతో వచ్చే 2.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ చట్రాన్ని అతికించాలి. 2015 తరువాతి కొన్ని మోడళ్లలో ఎం.2 స్లాటు కూడా ఉంటుంది. అక్కడే చాలామంది పొరబడతారు: ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే, అందులో సాటా ఉంది, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ ఉంది. సాటా మాత్రమే తెలిసిన స్లాటులో ఎన్‌వీఎంఈ ముక్క పెడితే యంత్రం దాన్ని గుర్తించదు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ దుకాణాలకు వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ సంఖ్య, లోపలి స్లాటు ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి. బిల్లు, వారంటీ అడిగి తీసుకోండి. పేరు తెలియని చవక ఎస్ఎస్‌డీ కంటే తక్కువ సామర్థ్యం ఉన్న మంచి కంపెనీదే నయం.

పాత డిస్కులో ఉన్నదంతా యథాతథంగా కొత్తదానికి ఎక్కించవచ్చు, లేదా కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. నేను రెండోదే సలహా ఇస్తాను, ఎందుకంటే ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త కూడా నకలుతో పాటు వస్తుంది. మళ్లీ దొరకని సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు మాత్రం నకలే దారి. క్లోన్‌జిల్లా ఉచితంగా ఈ పని చేస్తుంది గాని, కొత్త డిస్కు పాతదానికి సమానంగానో పెద్దగానో ఉండాలి. నకలు తరువాత యంత్రం డిస్కు లేదని చెబితే కంగారు పడకండి. బయోస్‌లో సాటా పద్ధతి, బూట్ పద్ధతి పాత డిస్కు ఉన్నప్పటి మాదిరిగానే ఉన్నాయా అని ముందు చూడండి. పాత డిస్కును కనీసం నెల రోజులు చెరపకుండా పక్కన పెట్టి, అది ఆరోగ్యంగా ఉంటే ఆ తరువాత యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కు వాడుకోండి.

ర్యామ్

4 జీబీని 8కి పెంచడం సార్థకం. 16 వరకు పోవలసిన అవసరం ఇంటి పనికి అరుదు. ర్యామ్ రకాలు ఒకదాని స్థానంలో ఒకటి పట్టవు: డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్‌కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260. డీడీఆర్3లో కూడా 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులది మరొకటి ఉన్నాయి. రెండో దాని పేరు చివర ఎల్ అనే అక్షరం ఉంటుంది. ఇంటెల్ నాలుగో తరం నుంచి డీడీఆర్3 వాడే ల్యాప్‌టాప్‌లకు ఈ ఎల్ రకమే కావాలి, మామూలుది పెడితే తెర వెలగదు. విండోస్ 32 బిట్‌ది అయితే ర్యామ్ ఎంత పెంచినా 4 జీబీకి మించి వాడుకోలేదు.

ర్యామ్‌ను స్లాటులో 30 డిగ్రీల వాలులో పూర్తిగా లోపలికి నెట్టి, ఆ తరువాతే కిందికి నొక్కాలి. రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పట్టుకోవాలి. తెర రాకపోతే ఒక్కొక్క ముక్కనూ ఒక్కొక్క స్లాటులో విడివిడిగా పెట్టి చూడండి. ఏ ముక్క పెట్టినా ఒక స్లాటులో పని చేసి, రెండో దానిలో చేయకపోతే తప్పు స్లాటుది.

ఏ విండోస్?

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పును, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్‌ను అడుగుతుంది గనుక, మనం మాట్లాడుకుంటున్న యంత్రాల్లో చాలావాటికి అది దొరకదు. అడ్డదారుల్లో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. బ్యాంకు పని చేసుకునే ల్యాప్‌టాప్ మీద వాటిని నేను ప్రయోగించను. బ్రౌజర్, పత్రాలు, వీడియోలు, పిల్లల చదువు వరకే మీ పని అయితే విండోస్‌కు బదులు వాడుకోగల ఉచిత లినక్స్ మింట్ తాలూకు, పాత యంత్రాలకు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే అక్కడి నుంచే నడిపి చూడండి. వైఫై, శబ్దం, తెర వెలుతురు, ప్రింటర్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో అందులోనే తేలిపోతుంది. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా అందులోనే ఉంటుంది. అను ఫాంట్లు, విండోస్‌లో మాత్రమే నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ తప్పనిసరైన వారు పాత విండోస్‌నే ఉంచుకొని, ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా ఆ పనికే కేటాయించడం క్షేమం.

బ్యాటరీ, ఛార్జర్, గడియారం

టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోక ఊగినా బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, ఒక్క రోజు కూడా ఛార్జ్ చేయకూడదు. తీసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి గాని చెత్తబండిలో వేయవద్దు. ఆన్ చేసి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లోహపు భాగం ముట్టుకుంటే జివ్వుమంటుంటే, ముందు గోడ సాకెట్‌కు ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత అపార్ట్‌మెంట్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది.

తారీఖు ప్రతిసారీ వెనక్కి పోతుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయింది. చాలావాటిలో అది సీఆర్2032, 3 వోల్టులది. తారీఖు తప్పినప్పుడు బ్రౌజర్ ఒక్క సైటునూ సురక్షితమని ఒప్పుకోదు. చాలామంది దీన్ని ఇంటర్నెట్ లోపమనుకొని కనెక్షన్ ఇచ్చినవారితో గొడవ పడతారు.

తోడు పరికరాలు

కొత్త రౌటర్ పెట్టాక పాత ల్యాప్‌టాప్‌కు వైఫై కనిపించకపోవడానికి రెండు కారణాలు ఎక్కువ. పాత కార్డుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, 5 తెలియదు. డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రత కూడా తెలియకపోవచ్చు. రౌటర్ అమరికల్లో 2.4 బ్యాండును తెరిచి, దానికి వేరే పేరు పెట్టి, భద్రతను డబ్ల్యూపీఏ2కు మార్చండి. అపార్ట్‌మెంటులో పక్కింటి రౌటర్లు ఎక్కువగా ఉంటే 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. అప్పటికీ నెమ్మదిగా ఉంటే రెండు బ్యాండ్లూ పట్టే యూఎస్‌బీ వైఫై ముక్క చాలు.

వైర్‌లెస్ మౌసు తడబడుతుంటే దాని బ్యాటరీ మార్చేముందు, పక్కన ఏ పోర్టులో ఏముందో చూడండి. నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో డిస్కు నడుస్తున్నప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరకూ చేరుతుంది. పక్క పోర్టులోనే మౌసు రిసీవరు ఉంటే దాని సంకేతం అందులో మునిగిపోతుంది. రిసీవరును అవతలి వైపు పోర్టుకు మార్చండి.

ప్రింటర్ దగ్గర విశాఖ తేమ మళ్లీ ఎదురవుతుంది. రెండేసి కాగితాలు కలిసి వెళ్లడం, మధ్యలో ఇరుక్కోవడం, లేజర్ ముద్రణ మసకగా రావడం జరుగుతుంటే రోలర్లను తప్పుపట్టక ముందు కాగితాన్ని చూడండి. వర్షాకాలంలో ట్రేలో వదిలేసిన కాగితం అంచులు అలల్లా వంగి, చేతికి మెత్తగా తగులుతాయి. రీమును ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టి, ఆ రోజుకు కావలసినంతే ట్రేలో పెట్టుకుంటే సగం సమస్య పోతుంది. ఇంకుజెట్ అయితే వారానికొక రంగుల పేజీ ముద్రించకపోతే ఇంకు చిమ్మే ముక్కు ఎండిపోతుంది. పంపిన పని వరుసలోనే ఆగిపోయి చెరపబోయినా చెరగకపోతే, విండోస్ సర్వీసెస్‌లో ముద్రణ వరుసను నడిపే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్‌లోని సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్లో ఉన్న ఫైళ్లను తీసేసి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టండి. ఎస్ఎస్‌డీ మార్చి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవారు, పాత ప్రింటర్‌కు డ్రైవర్ ఇంకా దొరుకుతోందో లేదో ముందే చూసి దించుకోవాలి.

తెర మీద గీతలు వచ్చినా, నల్లబడినా టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలిపి చూడండి. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే లోపం తెరదో, దాని వైరుదో. నల్లతెరపై టార్చి వేస్తే లీలగా బొమ్మ కనిపించిందంటే వెనుక వెలుతురు పోయిందన్న మాట.

వాడని ల్యాప్‌టాప్‌ను బీరువాలో మూసిపెట్టవద్దు. వారానికొకసారి ఓ గంట నడిపితే లోపలి వేడికి తేమ ఆరుతుంది. ప్రయాణాలకు సంచిలో పెట్టేటప్పుడు సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత మన ఊళ్లో కరెంటు రోజుల తరబడి రాలేదు. అందుకే తుపాను హెచ్చరిక వినగానే బ్యాటరీలు, ఇన్వర్టరు నిండుగా ఛార్జ్ చేసుకొని, రౌటర్, ప్రింటర్, ఛార్జర్ ప్లగ్గులు ఊడదీసి, బ్యాకప్ డిస్కును రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో చుట్టి, కిటికీకి దూరంగా, నేలకు ఎత్తున పెట్టండి. కరెంటు తిరిగి వచ్చాక మొదటి అరగంట వోల్టేజీ నిలకడగా ఉందో లేదో ఇంటి దీపాలను బట్టి చూసుకొని, ఆ తరువాతే ఒక్కొక్క ప్లగ్గూ పెట్టండి.